పక్క ప్లాంటులో మనవాళ్లకి తెలిసింది మనకి అందాలంటే

“నాలెడ్జ్ షేరింగ్ పెంచాలి, ఏదైనా చెయ్యండి” అని పైనుంచి మెయిల్ వచ్చిందంటే చాలా కంపెనీల్లో జరిగేది ఒకటే. ఒక పోర్టల్ కొంటారు. దానికి పేరు పెట్టమని పోటీ పెడతారు. మొదటి నెల తలా నాలుగు ఫైళ్లు ఎక్కిస్తారు. ఆ తర్వాత అందులో వెతికేవాళ్లు ఉండరు, వెతికినా దొరికేవి పాత స్లైడ్లే.

నేను చేసేది ఈ పనే. మా సంస్థకి చాలా దేశాల్లో ప్లాంట్లు ఉన్నాయి. ఎక్కడికి వెళ్లినా పొడి సరుకుని సాషేల్లో నింపి సీల్ వేసే లైన్లే, దాదాపు అవే యంత్రాలు. ఒకచోట తెలిసింది ఇంకోచోటికి చేరేలా చూడటం నా ఉద్యోగం. మీరు సాఫ్ట్‌వేర్ సపోర్టులో ఉన్నా, ఆడిట్‌లో ఉన్నా, అమ్మకాల్లో ఉన్నా, మీ కంపెనీ నాలుగు దేశాల్లో ఒకే రకం పని చేస్తుంటే కింద రాసినవి పనికొస్తాయి. నా ఉదాహరణలు మాత్రం యంత్రాల చుట్టూ తిరుగుతాయి, ఏమీ అనుకోకండి.

ముందు అడిగేవాళ్లు కావాలి

తెలిసినవాళ్లు దాచుకుంటున్నారు, అందుకే మిగతావాళ్లు వెనకబడుతున్నారు అని మేనేజర్లలో ఒక గట్టి నమ్మకం. దాచుకునేవాళ్లు లేరని నేననను. కానీ గేబ్రియల్ షులాన్స్కీ అనే పరిశోధకుడు 8 కంపెనీల్లో, ఒకచోటి మంచి పద్ధతిని లోపల్లోపల ఇంకోచోటికి తీసుకెళ్లిన 122 సందర్భాలను పరిశీలించి 1996లో తేల్చింది వేరు. ముఖ్యమైన అడ్డంకులు మూడు. అందుకునేవాళ్లకి దాన్ని వాడుకునే సత్తా లేకపోవడం ఒకటి. ఆ పద్ధతి అసలు ఎందుకు పనిచేస్తోందో ఎవరికీ, చేసేవాళ్లకి కూడా, సరిగ్గా తెలియకపోవడం రెండోది. ఇచ్చేవాళ్లకీ పుచ్చుకునేవాళ్లకీ మధ్య పొసగకపోవడం మూడోది. ఇవ్వడానికి మనసొప్పకపోవడం వీటి తర్వాతే. అమెరికా, రష్యా, ఫిన్లాండ్‌లలో ఉన్న 169 అనుబంధ కంపెనీల మీద దానా మిన్‌బయేవా, ఆమె సహచరులు చేసిన 2003 నాటి అధ్యయనం దీనికి ఇంకో మాట చేర్చింది: అందుకునే చోట సత్తా, ఆసక్తి రెండూ కలిసి ఉన్నప్పుడే పని జరుగుతుంది. ఒకటుండి ఇంకోటి లేకపోతే చేరేది కొంచెమే.

అందుకని మొదలు ఇచ్చేవాళ్ల దగ్గర కాదు, అడిగేవాళ్ల దగ్గర.

అడిగేవాళ్లను ఎలా పట్టుకోవాలి? అన్ని యూనిట్లూ నమోదు చేసే ఒక లెక్క తీసుకోండి. మాకైతే వేస్టేజీ శాతం, ఒక సరుకు నుంచి ఇంకో సరుకుకి లైన్ మార్చే సమయం. మీకు ఫిర్యాదు మూసేదాకా పట్టే రోజులు కావచ్చు, మొదటిసారే సరిగ్గా వెళ్లిన బిల్లుల శాతం కావచ్చు. దాదాపు అదే యంత్రం, అదే పని, అంత మందే ఉండి, ఫలితం బాగా తేడాగా ఉన్న రెండు చోట్లను పక్కపక్కన పెట్టండి. కంగారుపడకుండా ముందు నిర్వచనాలు చూడండి. లైన్ మొదలెట్టేటప్పుడు పోయే సాషే ఫిల్మ్‌ని ఒక ప్లాంటు వేస్టేజీలో కలుపుతుంది, ఇంకోటి కలపదు. సగం తేడాలు ఇక్కడే మాయమవుతాయి. మిగిలిన తేడాయే మీ పని.

ఆ మిగిలిన తేడా చూపించి, వెనకబడ్డ చోట పనిచేసేవాళ్లతో మాట్లాడండి. “మీకు సాయం కావాలా?” అంటే ఎవరూ అవుననరు. “దీన్లో మిమ్మల్ని ఎక్కువ విసిగించేది ఏది?” అని అడగండి, చెప్తారు. వాళ్లు ఏ మాటల్లో చెప్పారో ఆ మాటల్లోనే రాసుకోండి. తమకసలు సమస్యే లేదని ఆ ప్లాంటు గట్టిగా అనుకుంటే వాదించకండి. వదిలేసి ఇంకో చోటు చూసుకోండి.

ర్యాంకుల పట్టిక తయారుచేసి అందరికీ పంపడం మాత్రం వద్దు. ఆఖర్న ఉన్న ప్లాంటు మేనేజర్ మొదట చేసేది నేర్చుకోవడం కాదు, తన లెక్క ఎందుకు వేరో నిరూపించడం. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న మాట కంపెనీల్లో అక్షరాలా నిజం. బయటి కన్సల్టెంట్ చెప్పినదానికి ఇచ్చే విలువ సొంత కంపెనీలో పక్క యూనిట్ చెప్పినదానికి మేనేజర్లు ఇవ్వరని తాన్యా మేనన్, జెఫ్రీ ఫెఫర్ 2003లో రాశారు. వాళ్లు చెప్పిన కారణాల్లో ఒకటి పోటీ: లోపలివాడి దగ్గర నేర్చుకుంటే వాడు నాకంటే పైన ఉన్నట్టు ఒప్పుకున్నట్టే కదా. రెండు ప్లాంట్లూ ఒకే బోనస్ కుండ కోసం కొట్టుకుంటుంటే మీరెన్ని సమావేశాలు పెట్టినా ఉపయోగం లేదు. ఆ సంగతి ముందు హెచ్‌ఆర్‌తో తేల్చుకోండి.

కాగితం పంపాలా, మనిషిని పంపాలా

అన్నీ రాసి పెట్టేయొచ్చని కొందరు, రాసినవేవీ పనికిరావని కొందరు. నన్నడిగితే, మీకేం కావాలో ముందు తేల్చుకోమంటాను. మార్టీన్ హాస్, మోర్టెన్ హాన్సెన్ ఒక కన్సల్టింగ్ కంపెనీలో 182 సేల్స్ బృందాలను చూసి 2007లో ప్రచురించిన ఫలితం నాకు రోజూ అక్కరకొస్తుంది. కంపెనీలో ఉన్న పత్రాలు వాడుకున్న బృందాలకి సమయం మిగిలింది, పని నాణ్యత మాత్రం పెరగలేదు. తెలిసిన మనిషితో మాట్లాడిన బృందాలకి నాణ్యత పెరిగింది, సమయం మిగలలేదు. అంటే తొందరగా కావాలంటే కాగితం, బాగా కావాలంటే మనిషి. రెండూ ఒకేసారి ఇస్తామని పోర్టల్ అమ్మేవాళ్లు చెప్తే నవ్వి ఊరుకోండి.

మనిషి అన్నప్పుడు ఇంకో మెలిక ఉంది. హాన్సెనే 1999లో, ఒక పెద్ద ఎలక్ట్రానిక్స్ కంపెనీలో 41 విభాగాలు చేపట్టిన 120 ప్రాజెక్టుల మీద రాశాడు. ఎప్పుడో ఒకసారి పలకరించుకునే పరిచయాలు, ఎవరి దగ్గర ఏముందో కనిపెట్టడానికి బాగా పనికొస్తాయి. కానీ విషయం చిక్కుగా ఉంటే దాన్ని తెచ్చుకోవడానికి ఆ పరిచయం చాలదు, దగ్గరి సంబంధం ఉండాలి. కాబట్టి వెతకడానికి వంద మంది ఉన్న చాట్ గ్రూపు చాలు. దొరికాక మాత్రం అక్కడే పొడుగ్గా సాగదీయకుండా ఇద్దరినీ కలిపి పక్కకి తీసుకెళ్లండి.

మరీ చిక్కు విషయమైతే మనుషుల్నే పంపాలి. 1982లో జనరల్ మోటార్స్ మూసేసిన కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ కార్ల ఫ్యాక్టరీని, టొయోటాతో కలిసి నుమ్మీ అన్న పేరుతో 1984లో మళ్లీ తెరిచారు. పాత కార్మికుల్లో చాలామందినే తిరిగి తీసుకున్నారు. టొయోటా వాళ్ల చేతిలో పుస్తకం పెట్టి ఊరుకోలేదు, జట్లు జట్లుగా జపాన్‌లోని టకవోకా ప్లాంటుకి తీసుకెళ్లి లైన్ మీద నిలబెట్టింది. నాణ్యత టొయోటా స్థాయికి దగ్గరగా వచ్చింది. ఆ ఫ్యాక్టరీలో సగం వాటా ఉన్న జనరల్ మోటార్స్‌కి మాత్రం, అక్కడ కళ్లారా చూసినదాన్ని తన మిగతా ప్లాంట్లకి తీసుకెళ్లడానికి ఏళ్లు పట్టింది. కనబడే పనిముట్లు తీసుకెళ్లడం సులువే. తప్పు కనబడితే లైన్ ఆపేయొచ్చనే ధైర్యం కార్మికుడికి రావాలంటే, ఆపినందుకు ఎవరూ తిట్టని చోట కొన్నాళ్లు పనిచేసి ఉండాలి.

ప్రయాణాల బడ్జెట్ అడిగేటప్పుడు ఈ ఉదాహరణ పనికొస్తుంది. పంపేటప్పుడు మేనేజర్‌ని కాకుండా ఆ యంత్రం మీద చెయ్యి పెట్టేవాళ్లను పంపండి. ఒక్కరిని కాదు, ఇద్దరిని. ఒక్కరే వెళ్లొస్తే తిరిగొచ్చాక చెప్పింది నమ్మేవాళ్లుండరు.

నోటు రాసే పద్ధతి

రాయాల్సినవి రాయాలి. కానీ అలవాటుగా రాసేది ఇలా ఉంటుంది:

“సమస్య: సాషే సీల్ దగ్గర లీకేజీ. పరిష్కారం: సీల్ జాలు శుభ్రం చేసి, టైమింగ్ సరిచేశాం. ఫలితం: లీకేజీ తగ్గింది.”

(జాలంటే ఫిల్మ్‌ని నొక్కి సీల్ వేసే దవడలు.) ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు, పనికొచ్చేదీ ఒక్కటీ లేదు. ఏ సీల్? ఏ టైమింగ్? ముందుకా, వెనక్కా? ఇంకో దేశంలో అర్ధరాత్రి షిఫ్టులో లైన్ ఆగిపోయి ఇది తెరిచినవాడు రెండోసారి ఇక్కడికి రాడు. అదే పని చేసిన ఫిట్టర్ పక్కన కూర్చుని అడుగుతూ రాస్తే ఇలా వస్తుంది:

“లీకు అడ్డ సీల్‌లోనే వస్తోంది, నిలువు సీల్ బాగానే ఉంది. సీల్‌ని చేత్తో విప్పి లైటుకెదురుగా పెట్టి చూడండి. మధ్యలో సన్నగా పొడి గీత కనబడితే ఈ నోటు మీకోసమే. గీత లేకుండా సీల్ మొత్తం ఊడొస్తుంటే మీ సమస్య వేడి, ఇది చదవొద్దు. మేమూ ముందు టెంపరేచర్ పెంచాం. లీకు తగ్గలేదు, ఫిల్మ్ ముడతలు పడింది. పొడిని నింపే ఆగర్ ఆగిన తర్వాత కూడా చిటికెడు పొడి ఆలస్యంగా రాలుతోంది, అది కిందికి పడేలోపే జాలు మూసుకుంటున్నాయి. జాలు మూసుకునే సమయాన్ని కొద్దికొద్దిగా ఆలస్యంగా జరిపి, జరిపినప్పుడల్లా 20 సాషేలు విప్పి చూశాం. లైన్ వేగం కాస్త తగ్గించాల్సి వచ్చింది. ఇదంతా మెత్తటి పొడితో చేసింది. గుళికలతో చేసి చూడలేదు. గాలిలో తేమ బాగా తక్కువున్నప్పుడు పొడి ఫిల్మ్‌కి అంటుకుంటుంది. అప్పుడు టైమింగ్ జరిపినా లాభం లేదు, స్టాటిక్ తీసే బార్ చూసుకోండి.”

రెండోది పొడుగ్గా ఉండటం వల్ల మంచిది కాలేదు. చదివేవాడు తన సమస్యా ఇదేనో కాదో తేల్చుకునే పరీక్ష మొదట్లోనే ఉంది. తనది కాదనుకుంటే వెళ్లిపోయే దారి ఉంది. చేసి చెడిన ప్రయత్నం ఉంది. దాని విలువ తక్కువ కాదు, ఎందుకంటే లీకు చూసిన ప్రతివాడూ ముందు టెంపరేచర్ మీదే చెయ్యి వేస్తాడు. కారణం ఉంది కాబట్టి వేరే యంత్రం ఉన్నవాడు కూడా తనకి తగ్గట్టు మార్చుకోగలడు. వేగం తగ్గిందన్న నష్టం దాచలేదు. ఎక్కడిదాకా పనిచేస్తుందో, ఎక్కడ చూడలేదో చెప్పారు. ఇందులో ఏది తీసేసినా షులాన్స్కీ చెప్పిన రెండో అడ్డంకి, ఎందుకు పనిచేస్తోందో తెలియకపోవడం, తిరిగి తలెత్తుతుంది.

నోటు అడుగున, దాన్ని రాసినవాళ్ల పేరు, తేదీ, మళ్లీ ఎప్పుడు సరిచూడాలో వెయ్యండి. విప్పిన సీల్ ఫోటో ఒకటి పెట్టండి. అంత వర్ణన ఆ ఒక్క ఫోటో చెప్తుంది. యంత్రం స్క్రీన్ మీద ఆ సెట్టింగ్ ఏ పేరుతో కనబడుతుందో ఆ పేరే వాడండి. వేడి సెల్సియస్‌లోనా ఫారెన్‌హీట్‌లోనా రాయడం మర్చిపోకండి. వాక్యాలు చిన్నవిగా ఉంచండి. అవతలివాళ్లు దాన్ని మెషీన్ అనువాదంలో వేసి చదువుతారు, మూడు లైన్ల వాక్యాన్ని అది ముక్కలు చేసి పారేస్తుంది.

ఫిట్టర్‌నే రాయమంటే? రాయరు. బద్ధకం వల్ల కాదు, అది అతని పని కాదు కాబట్టి. అడగటానికీ రాయటానికీ వేరే మనిషి ఉండాలి. మా దగ్గర ఆ పని కొత్తగా చేరిన ఇంజినీర్లకిస్తాం. ఏమీ తెలియనివాడు అడిగే ప్రశ్నలే నోటుకి కావాలి, పైగా రాసేలోపు వాడికి యంత్రం తెలిసిపోతుంది.

పని మొదలెట్టకముందు ఒక కాల్

ఏడాదికోసారి జరిగే ‘బెస్ట్ ప్రాక్టీస్’ సదస్సుల మీద నాకు పెద్ద గౌరవం లేదు. అక్కడ అందరూ తమ గెలుపులు చెప్పుకుంటారు, ఎవరికీ ఆ క్షణాన అవసరం ఉండదు. దానికి పెట్టే డబ్బులో పదో వంతుతో, అవసరం వచ్చిన రోజు కాల్ పెట్టుకోవచ్చు. 1990లలో బ్రిటిష్ పెట్రోలియం దీన్ని ‘పీర్ అసిస్ట్’ పేరుతో అలవాటు చేసింది. బావి తవ్వకం లాంటి పెద్ద పని మొదలెట్టబోయే జట్టు, అలాంటి పని ఇంతకుముందు చేసిన వేరే యూనిట్ల వాళ్లను పిలిచి తన ప్రణాళిక ముందుంచేది. వచ్చేవాళ్లు పై అధికారులు కాదు, సాటివాళ్లు.

“మొదలెట్టకముందు” అన్న మాట గట్టిగా పట్టుకోండి. లిండా ఆర్గోట్, ఆమె సహచరులు రెండో ప్రపంచ యుద్ధకాలపు లిబర్టీ ఓడల నిర్మాణం లెక్కలు తీసి 1990లో ఒక సంగతి బయటపెట్టారు. ఆలస్యంగా మొదలైన ఓడల యార్డులు, ముందు మొదలైన వాటి అనుభవం వల్ల మెరుగ్గా మొదలయ్యాయి. కానీ ఒకసారి పనిలో పడ్డాక ఒక యార్డు నుంచి ఇంకో యార్డు నేర్చుకున్నది పెద్దగా ఏమీ లేదు. మా దగ్గరా అంతే. లైన్ బిగించేటప్పుడు చెప్పినది వింటారు. లైన్ నడుస్తున్నప్పుడు చెప్తే “చూద్దాం” అంటారు.

కాల్ నడపటం ఇలా. గంటన్నర చాలు. అడిగేవాళ్లు మొదటి పది నిమిషాల్లో తమ సమస్య, తాము అనుకుంటున్న దారి చెప్పాలి. స్లైడ్లు మూడు దాటకూడదు. తర్వాత అరగంట వచ్చినవాళ్లు ప్రశ్నలే వెయ్యాలి, సలహాలు వద్దు. ఇక్కడ కాపలా కాయాలి, ఎందుకంటే ఇంజినీరుకి ప్రశ్న ముసుగులో సలహా ఇవ్వడం పుట్టుకతో వచ్చిన విద్య. ఆ తర్వాత వచ్చినవాళ్లు తమలో తాము మాట్లాడుకుంటుంటే అడిగినవాళ్లు మైకు ఆపుకుని వినాలి. చివర్లో అడిగినవాళ్లు తాము ఏం మార్చుకుంటారో, ఏం మార్చుకోరో వాళ్ల నోటితో చెప్పాలి.

ప్రశ్న ఎలా అడగాలో ఒక చిన్న ముక్క చూపిస్తాను. లైన్ మార్పు చాలా త్వరగా చేసే ఒక ప్లాంటు షిఫ్ట్ లీడ్‌తో జరిగిన మాట.

“ఇంత త్వరగా ఎలా అవుతుంది మీకు?”

“ఏముంది, ఎస్‌ఓపీ ప్రకారమే.”

ఎస్‌ఓపీ, అంటే పని ఎలా చెయ్యాలో రాసిపెట్టిన పత్రం, అన్ని ప్లాంట్లకీ ఒకటే. ఇక్కడితో ఆగిపోతే కాల్ దండగ.

“నిన్న చేసింది చెప్పండి. లైన్ ఆగింది. మొదట ఎవరు ఏం పట్టుకున్నారు?”

“ట్రాలీ తోసుకొచ్చారు.”

“ఏం ట్రాలీ?”

“ఫిల్మ్‌ని సాషేగా మలిచే ఫార్మింగ్ సెట్ రెండోది ఉండేది. లైన్ ఇంకా నడుస్తుండగానే దాన్ని కడిగి, ఆరబెట్టి, వేసే వరుసలో బోల్టులతో సహా పేర్చి పెడతాం.”

“అది ఎస్‌ఓపీలో లేదే?”

“రాయడానికేముంది, అందరూ అలాగే చేస్తారు కదా!”

అందరూ అలా చెయ్యరు. మిగతా చోట్ల లైన్ ఆగాకే సెట్ కడగడం మొదలెడతారు. ‘ఎలా చేస్తారు’ అని అడిగితే నియమం చెప్తారు, ‘నిన్న ఏం చేశారు’ అని అడిగితే పని చెప్తారు. ఈ ఒక్క మార్పు చేసి చూడండి.

ఇంకొన్ని చిన్న సంగతులు. సమయ మండలాల భారం ఎప్పుడూ ఒకే దేశం మీద వెయ్యకండి. ఈసారి మీరు రాత్రి కూర్చుంటే వచ్చేసారి వాళ్లు. ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడేవాళ్లే కాల్ మొత్తం తినేస్తారు కాబట్టి, ప్రతి ప్రశ్నకీ ముందు రెండు నిమిషాలు అందరినీ చాట్‌లో రాయమనండి. వాళ్ల భాషలోనే రాయనివ్వండి, అనువాదం సంగతి తర్వాత. నోరు మెదపని షిఫ్ట్ లీడ్ ఆ రెండు నిమిషాల్లో రాసిన లైనే చాలాసార్లు అసలు జవాబు. హెడ్ ఆఫీసు నుంచి ఎవరైనా వస్తామంటే రానివ్వండి, కానీ నోట్స్ రాసే పని అప్పగించండి. పెన్ను చేతిలో ఉన్నవాడు తక్కువ మాట్లాడతాడు.

తెచ్చుకున్నాక

కొత్త పద్ధతి చేతికి రాగానే “మా పరిస్థితులు వేరు” అని మొదటి రోజే నాలుగు మార్పులు చేస్తారు. అది పనిచెయ్యకపోతే, పద్ధతి చెడ్డదో మార్పు చెడ్డదో తేల్చే దారి ఉండదు. చిప్పులు తయారుచేసే ఇంటెల్ దీనికి పెట్టిన నియమం పేరు ‘కాపీ ఎగ్జాక్ట్‌లీ’. ఒక ఫ్యాక్టరీలో కుదిరిన ప్రక్రియని ఇంకో ఫ్యాక్టరీకి తీసుకెళ్లేటప్పుడు యంత్రాలు, సెట్టింగులు, అమరికలు అన్నీ ఉన్నవున్నట్టు దించాలి. ఫలితం సమానమయ్యాకే మెరుగులు, ఆ మెరుగులు కూడా అన్ని చోట్లా కలిసి.

మనందరికీ అంత కఠినం అక్కర్లేదు. చట్టం, భద్రత, కార్మిక ఒప్పందాలు వేరుగా ఉన్నచోట ఉన్నదున్నట్టు కుదరదు కూడా. నేను పెట్టుకున్న పద్ధతి చెప్తాను: ఒక్క లైన్ మీద, ఒక్క షిఫ్టులో, ముందు మార్చకుండా చెయ్యాలి. మార్చక తప్పనివి ఏవో, ఎందుకో ముందే రాసిపెట్టాలి. లైన్ ఫలితం దగ్గరికొచ్చాక మీ ఇష్టం.

దీనికి మనుషుల సమయం కావాలి, అది ఎవరూ ఇవ్వరు. “మీ పనితో పాటు ఇది కూడా” అన్నారంటే జరగదన్నమాటే. షిఫ్టు రోస్టర్‌లో ఆ ఇద్దరి పేర్ల పక్కన ఆ గంటలు అచ్చులో కనబడాలి. ప్లాంటు మేనేజర్ అందుకు ఒప్పుకోకపోతే ఆయనకి ఆసక్తి లేదని అర్థం, మిన్‌బయేవా లెక్క ప్రకారం మీరు అక్కడ సమయం వృథా చేసుకోకూడదు.

పాయింట్లు, బహుమతులు

తొందరపడి పాయింట్లు పెట్టకండి. ఇన్ఫోసిస్ అనుభవం మీద రఘు గరుడ్, అరుణ్ కుమారస్వామి 2005లో వివరంగా రాశారు. వ్యాసాలు రాసినవాళ్లకీ వాటిని పరిశీలించినవాళ్లకీ ‘నాలెడ్జ్ కరెన్సీ యూనిట్లు’ ఇవ్వడం మొదలెట్టగానే రచనలు వరదలా వచ్చిపడ్డాయి. పరిశీలించేవాళ్లు ఊపిరాడక సతమతమయ్యారు, నాణ్యత మీద నమ్మకం సడలింది. తర్వాత కంపెనీ ఆ పథకాన్ని సవరించుకుని, ఎంతమంది వాడుకున్నారన్నదానికి బరువు పెంచింది. లెక్కపెట్టిందే పెరుగుతుంది. ఎక్కించిన ఫైళ్లు లెక్కపెడితే ఫైళ్లే పెరుగుతాయి.

జిరాక్స్ దారి వేరు. ఫోటోకాపీ యంత్రాలు బాగుచేసే టెక్నీషియన్లు ఒకరికొకరు కథలు చెప్పుకుంటూ మరమ్మతులు నేర్చుకుంటున్నారని ఆ సంస్థలో పనిచేసిన జూలియన్ ఆర్ గమనించాడు. 1990లలో ఫ్రాన్స్‌లో మొదలై యురేకా అనే వ్యవస్థ వచ్చింది. టెక్నీషియన్ తన చిట్కా పంపితే తోటి టెక్నీషియన్లే సరిచూసేవాళ్లు, సరైనదైతే అతని పేరుతో అందరికీ చేరేది. ప్రతిఫలం ఆ పేరే. నేను దీన్నే నమ్ముతాను. ఇంకో దేశంలో ఎవరో వాడుకుని “మీ నోటుతో మా లైన్ నిలబడింది” అని రెండు లైన్లు రాస్తే, ఆ మెయిల్ ఆ ఫిట్టర్‌కీ అతని మేనేజర్‌కీ చేరేలా చూడండి. ఆ పని మాత్రం మర్చిపోకుండా మీరే చెయ్యాలి.

పంచకూడనివి

ఎంత ఎక్కువ పంచుకుంటే అంత మంచిదనేది నిజం కాదు. హాస్, హాన్సెన్‌ల 2005 నాటి అధ్యయనంలో, ఆ పనిలో ముందే పండిపోయిన సేల్స్ బృందాలు ఇతరుల దగ్గరనుంచి ఎంత ఎక్కువ తెచ్చుకుంటే బిడ్ గెలిచే అవకాశం అంత తగ్గింది. వాళ్లకి తెలిసిన పనినే మళ్లీ వెతకడానికి సమయం పోయింది. కాబట్టి అనుభవం ఉన్న జట్టుని “పోర్టల్ చూశారా?” అని వేధించొద్దు.

చట్టం వైపు కూడా చూసుకోవాలి. కస్టమర్ పేరు, వాళ్ల ఫార్ములా ఉన్న నోటు గడప దాటకూడదు. ఐరోపా మనుషుల వివరాలుంటే 2018 మే నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ (వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం) వర్తిస్తుంది. కొన్ని సాంకేతిక వివరాలు సొంత కంపెనీలోనే ఇంకో దేశపు ఉద్యోగికి చూపించినా ఎగుమతి కిందే లెక్క. అనుమానం ఉంటే లీగల్ వాళ్లను నోటు రాయకముందే అడగండి, రాశాక కాదు. నోట్లలోంచి జవాబులిచ్చే చాట్‌బాట్ పెట్టుకుంటే, అది గడువు తీరిన నోటుని కూడా కొత్తదంత ధీమాగా చెప్తుంది. తేదీ దాటినవి దాని కంట పడకుండా తీసేయండి.

పనితీరుకి ముడిపెట్టే లెక్క

మూడు అంకెలు చాలు. మొదట ఎంచుకున్న తేడా ఎంత తగ్గిందన్నది అసలు అంకె. అడిగినప్పటి నుంచి పనికొచ్చే జవాబు వచ్చేదాకా పట్టిన సమయం రెండోది. ఒక నోటుని వేరే యూనిట్ నిజంగా వాడి, ఏం జరిగిందో తిరిగి రాసిన సందర్భాలు మూడోది. లాగిన్లు, డౌన్‌లోడ్లు, శిక్షణ గంటలు నివేదికలో వెయ్యకండి. వేస్తే అవే అడుగుతారు.

తేడా తగ్గడం మీ వల్లేనా అని ఫైనాన్స్ వాళ్లు తప్పకుండా అడుగుతారు, అడగాలి కూడా. అందుకే ఒక్క లైన్ మీద మొదలెట్టమన్నది. అదే ప్లాంటులో మార్చని లైన్ పక్కనే ఉంటుంది, రెండిటి అంకెలూ పెట్టండి. మొదటి వారాల్లో మార్చిన లైన్ ఫలితాలు దిగజారుతాయి, చేతులు కొత్త పనికి అలవాటు పడాలి కదా. ఆ సంగతి ముందే చెప్పి ఉంచకపోతే రెండో వారంలోనే ఆపించేస్తారు. రెండు త్రైమాసికాలకి కూడా కదలిక లేకపోతే మాత్రం మీరే ఆపేయండి, ఎందుకు కుదరలేదో నోటు రాసి పెట్టండి. మిగతా ప్లాంట్లు మళ్లీ అదే దారిన పోకుండా ఉంటాయి.

నేర్చుకున్నది నిలవ ఉండదు కూడా. లిబర్టీ ఓడల లెక్కల్లోనే, యార్డులు నేర్చుకున్నది వేగంగా తరిగిపోయిందని తేలింది. ఏడాది క్రితం తగ్గించిన తేడా మళ్లీ పెరిగిందేమో త్రైమాసికానికోసారి చూడండి. పెరిగితే ముందుగా అడగాల్సింది ఆ లైన్ మీద మనుషులు మారారా అని. వెళ్లిపోతున్నవాళ్ల చేత హ్యాండోవర్ పత్రం రాయించడం మానేయండి, తమకి మామూలుగా అనిపించే ట్రాలీలన్నీ వాళ్లు వదిలేస్తారు. కొత్తగా వచ్చినవాళ్లు రాయాలి, వెళ్లేవాళ్లు ఎర్ర పెన్నుతో దిద్దాలి. ఆఖరి రెండు వారాలు ఫోన్లన్నీ కొత్తవాళ్లే ఎత్తాలి. పాతవాళ్లు పక్కనుండి వినాలి, అడిగితేనే నోరు తెరవాలి. అడిగిన ప్రతి ప్రశ్నా నోటులోకి ఎక్కాలి.